లాంచీని ఆపిన రోజు

లాంచీని కట్టిన తాడు ఆడవాళ్ల చేతుల్లో ఉంది. జెట్టీ సిమెంటు కాళ్లు కాలేలా మండుతున్నా ఒక్కరూ లేవలేదు. అధికారి తిల్లైనాదన్ పొద్దున అదే లాంచీలో దీవికి వచ్చి, జనాన్ని పోగేసి సంగతి చెప్పాడు. కొత్త బడ్జెట్లో దీవుల పడవలకిచ్చే డబ్బు కోసేస్తున్నారు. రోజూ తిరిగే లాంచీ ఇకమీదట వారానికి రెండుసార్లే. శుక్రవారం కొలంబోలో పార్లమెంటు సభ్యులు చేతులెత్తితే అయిపోయినట్టే.

చెప్పేసి వెళ్లిపోదామనుకున్నాడు. సలేత్‌మేరి వెళ్లనివ్వలేదు. వలలు బాగుచేసుకుని బతికే మనిషి, ఆడవాళ్ల సంఘానికి పెద్ద. ఆమె గొంతెత్తితే అవతలి ఒడ్డున జాఫ్నావాళ్లు ఉలిక్కిపడతారని దీవిలో నవ్వుకుంటారు.

"లాంచీ రోజూ తిరగాలని మీ చేత్తో పైకి రాసి సంతకం పెట్టండి. తాడు వదిలేస్తాం," అంది.

"దేశం దివాలా తీసిందమ్మా. అప్పులిచ్చినవాళ్లు ఖర్చు తగ్గించమంటున్నారు."

"ఆ అప్పు మేం తిన్నామా సార్? మా దీవికి తారురోడ్డు కూడా పడలేదే!"

"డీజిల్ లేదు..."

"నేవీ బోట్లు పొద్దస్తమానం తిరుగుతున్నాయిగా. వాటికి సముద్రంలోంచి ఊరుతోందా?"

"మంత్రిగారి కారు కొబ్బరినీళ్లతో నడుస్తుందేమోనే!" అని వెనక నుంచి ఇంకొకామె అందుకుంది. అందరూ గొల్లుమన్నారు.

తిల్లైనాదన్ నుదురు తుడుచుకున్నాడు. "నన్నంటే ఏం లాభం? నేను కాగితాలు మోసేవాణ్ణి. మా ఆఫీసు పెద్దాయన్ని అడగాలి."

"అడగండి. జేబులో ఫోనుందిగా."

పెద్దాయన మీటింగులో ఉన్నాడట.

తాడు చివర సలేత్‌మేరి తమ్ముడు అరుళప్పు కూర్చున్నాడు. మగాళ్లలో తాడు పట్టింది అతనొక్కడే. "చీర కూడా కట్టుకోరా," అని తోటివాళ్లు ఎగతాళి చేసినా కదల్లేదు. ఇప్పుడు అతని చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది. మొహం బూడిదరంగుకు తిరిగింది.

సలేత్‌మేరి అతని పక్కన కూర్చుంది. "ఏంట్రా?"

"గుండె పట్టేసినట్టుందక్కా. ఎడం చెయ్యి లాగేస్తోంది."

దీవి దవాఖానాలో డాక్టరు లేడు. పెద్దాసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. కిరోసిన్ దొరక్క చేపల పడవలన్నీ ఇసకలో పడున్నాయి. పోవాలంటే ఈ లాంచీ ఒక్కటే.

ఆమె అధికారి వైపు చూసింది. కాగితం తీశాడు, కలం తీశాడు, ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఇప్పుడు తాడు వదిలితే ఈ మనిషి మళ్లీ దీవిలో అడుగు పెట్టడు.

"ఇంకాస్త ఓర్చుకోగలవా? సంతకం పెట్టేలా ఉన్నాడు," అంది.

"నేనేం చావన్లే. తాడు వదలమాకు," అని అరుళప్పు నవ్వబోయాడు.

ఆ నవ్వును ఆమె నమ్మింది. నమ్మాలనుకుంది కాబట్టి నమ్మింది.

పెద్దాయన మీటింగు తెమల్లేదు. అరుళప్పు భళ్లున కక్కుకుని పక్కకు ఒరిగిపోయాడు. మొదట తాడు విసిరేసింది సలేత్‌మేరే. నలుగురూ పట్టి అతన్ని లాంచీలోకి ఎక్కించారు. అతని భార్య జెసింతా ఇంటి నుంచి పరుగెత్తుకొచ్చి ఎక్కింది. తిల్లైనాదన్ అతని తల ఒళ్లో పెట్టుకుని, బడ్జెట్ కాగితాలున్న ఫైలుతోనే విసురుతూ కూర్చున్నాడు. అవతలి ఒడ్డు కనబడుతుండగానే ప్రాణం పోయింది.

శవాన్ని వెంటనే తేవడానికి లాంచీలో డీజిల్ లేదు. జెసింతా తెల్లారేదాకా శవాల గది బయట కూర్చుంది.

శుక్రవారం టీకొట్టులో జనమంతా పార్లమెంటు చూడ్డానికి ఒక్క ఫోను చుట్టూ మూగారు. మంత్రి సింహళంలో మాట్లాడుతుంటే కొట్టాయన తమిళంలో చెబుతున్నాడు. "పడవ ఉందట. దాన్ని ఆపింది జనమేనట. వాళ్ల మనిషిని వాళ్లే..." సలేత్‌మేరి అక్కడే నిలబడి ఉంది.

అప్పుడు ప్రతిపక్ష సభ్యుడు లేచాడు. ఆ పేద జాలరి నొప్పిని పళ్ల బిగువున దాచుకున్నాడన్నాడు. ఎవరికీ చెప్పకుండా దీవి కోసం ప్రాణమిచ్చిన వీరుడన్నాడు. బల్లలు చరిచారు. ఓటు దగ్గరికొచ్చేసరికి ఆ వీరుణ్ణి పొగిడిన పార్టీలోనే సగం కుర్చీలు ఖాళీ. కోత నెగ్గింది. చచ్చినవాడు ఇద్దరికీ పనికొచ్చాడు. దీవికి మాత్రం రోజూ తిరిగే లాంచీ పోయింది.

ఆ సాయంత్రం సలేత్‌మేరి గిన్నె నిండా పీతల గంజి కాచి తమ్ముడి ఇంటికి పట్టుకెళ్లింది. జెసింతా గడప మీద కూర్చుని ఉంది.

"వదినా, ఆయన ఎవరికీ చెప్పలేదని పార్లమెంటులో అన్నారటగా. నువ్వు పక్కనే ఉన్నావు కదా, నీకూ చెప్పలేదా?"

లేదు అంటే సరిపోయేది. దీవంతా ఆ మాటే నమ్ముతోంది.

"చెప్పాడు."

"ఏమని?"

"గుండె పట్టేసిందని."

"నువ్వేమన్నావు?"

"ఇంకాస్త ఓర్చుకోమన్నాను."

జెసింతా గిన్నె మీద జరిగిన మూత సరిగ్గా పెట్టి, దాన్ని సలేత్‌మేరి వైపు నెట్టింది.

"తీసుకెళ్లు వదినా. పిల్లలు తినేశారు."

ఆ ఇంట్లో పొద్దుట్నుంచి పొయ్యి వెలగలేదు. జెసింతా వెనక, చీకటి గదిలోంచి, పిల్లలిద్దరూ గిన్నెకేసే చూస్తున్నారు. సలేత్‌మేరి గిన్నె ఎత్తుకుని వెనక్కి తిరిగింది.