కొళాయి దగ్గర కాపలా

నా కోపం సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత దాచిపెట్టిందని నన్ను అనకండి. పన్నెండేళ్ళప్పుడు నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ల లైను లైనంతటికీ ఆ సంగతి తెలుసు. నూకయ్య కూతురు పోలమ్మ వస్తోందంటే గోళీలాడే మగపిల్లలు కూడా పక్కకు జరిగేవాళ్ళు. అది చూసుకుని మహా మురిసిపోయేదాన్ని.

ఇది అరవై రెండో సంవత్సరం మాట. మా లైనులో ఇరవై క్వార్టర్లకు ఒకటే కొళాయి. పొద్దున్న ఆరింటికి నీళ్ళు వచ్చేవి, ఏడుంబావుకల్లా ఆగిపోయేవి. మగవాళ్ళు వర్క్‌షాపుకు పోయే వేళ కూడా అదే. వాళ్ళకు వండి క్యారేజీ కట్టాలా, కొళాయి దగ్గర నిలబడాలా? అందుకని ఆడవాళ్ళు అయిదింటికే వచ్చి ఎవరి బిందె వాళ్ళు వరసలో పెట్టి ఇంటికి పోయేవారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. దాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు. అది మా లైనులో కట్టుబాటు.

ఆ బిందెలకు కాపలా నేను. మా గుమ్మం కొళాయికి ఎదురుగా ఉండేది మరి. గుమ్మంలో కూర్చుని లెక్కలు చేసుకుంటూ ఓ కన్ను వరస మీద వేసేదాన్ని. "మా పోలి ఉండగా సెంబు కూడా కదలదు" అని మా అమ్మ అప్పలనర్సమ్మ కనబడిన వాళ్ళందరితో చెప్పుకునేది.

అలాంటి దాన్ని, కాపలా కాయాల్సిన దాన్ని, నేనే ఆ వరస చెడగొట్టాను.

ఎవరి మీద కోపంతోనంటే, మా క్లాసులో చేరిన రూతు మీద. వాళ్ళు మా ఊళ్ళోనే ఉన్న నిమ్‌పురా నుంచి మా లైనుకు కొత్తగా మారారు. వాళ్ళ నాన్న ఆమోసు వ్యాగన్ల మీద నంబర్లు రాసే పెయింటరు. ఆయన చేతిరాత ఆ పిల్లకు వచ్చింది. మా తెలుగు బడిలో రోజూ బోర్డు మీద తేదీ, హాజరు రాసే పని రెండేళ్ళుగా నాది. రూతు వచ్చిన వారానికే గోవిందరావు మేస్టారు సుద్దముక్క నా చేతిలోంచి తీసి ఆ పిల్లకిచ్చారు. "చూడండర్రా, అచ్చు వేసినట్టు రాసింది" అన్నారు. క్లాసంతా నా వంక తిరిగి చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపొచ్చింది కూడా, కానీ నేను ఏడిస్తే ఇంకేముంది!

మర్నాడు పొద్దున్న రూతు వచ్చి తన మట్టి కడవను వరసలో నాలుగోదిగా పెట్టి వెళ్ళింది. వాళ్ళమ్మ సూసన్నకు కాన్పయి పది రోజులు, జ్వరం తగ్గలేదు. పసివాణ్ణి చూడడం, వంట, నీళ్ళు అన్నీ ఈ పిల్లే. లైనులో ఎవరూ లేకుండా చూసి ఆ కడవను తీసుకెళ్ళి చిట్టచివర పెట్టేశాను. చివరివాళ్ళకు నీళ్ళు దొరికేసరికి ఏడు దాటుతుంది. ఆ తర్వాత ఇంటి పని చేసుకుని రూతు బడికి వచ్చేసరికి ఎనిమిది గంటల వర్క్‌షాపు సైరన్ మోగిపోయింది, బడి గేటు మూసేశారు. ప్రార్థన అయ్యాక లోపలికి వచ్చి వరండాలో నిలబడింది. బోర్డు మీద తేదీ నేనే రాశాను.

ఇంత తేలికా అనిపించింది నాకు.

అలా వారానికి రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారి రూతు నేరుగా మా గుమ్మం దగ్గరికే వచ్చింది.

"పోలమ్మా, నా కడవ ఎవులైనా జరిపినారేటి? నువ్వు సూసినావా?"

"నానేటి సూడనేదు. నువ్వే సివర ఎట్టుకుని మరిసిపోనావేమో" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి కాసేపు చూసింది. దానికి తెలిసిపోయింది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేసింది. మానేస్తే మానేసింది, నాకేం తక్కువ అనుకున్నాను.

మా బడిలో పది ఆలస్యాలయితే రిజిస్టరులో పేరు కొట్టేసేవారు. హెడ్‌మాస్టరు పెట్టిన నియమం. రూతుకు తొమ్మిది అయినరోజు మేస్టారు వాళ్ళ నాన్నను పిలిపించారు. ఆమోసు చేతులకు తెల్ల పెయింటు మరకలతో వచ్చి నిలబడ్డాడు.

"రేపు కూడా ఆలస్యమయితే నా చేతిలో లేదు ఆమోసూ. చదువుకునే పిల్ల, చూసుకో" అన్నారు మేస్టారు.

"ఏటి సెయ్యమంటారు మేస్టారూ, దానమ్మ మంచం దిగనేదు. కొట్టెయ్యాలంటే కొట్టెయ్యండి, ఇంటికాడే ఉంటాది" అన్నాడు ఆయన.

రూతు వరండాలో నిలబడి అంతా వింది. చిన్న ఓణీ ఒకటి వేసుకునేది, దాన్ని నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ చూశాను. మీతో అబద్ధమెందుకు, నాకు సంతోషమే కలిగింది. ఇంకొక్కసారి, అంతే, సుద్దముక్క మళ్ళీ నాది.

మర్నాడు పొద్దున్న రూతు అందరికంటే ముందు వచ్చి కడవను మొట్టమొదట పెట్టి పరిగెత్తుకుంటూ ఇంటికి పోయింది. నేను లేచి దాన్ని చివరికి చేర్చేశాను.

ఆ రోజు ఆరింటికి రావలసిన నీళ్ళు ఏడున్నరకు గానీ రాలేదు. ఆడవాళ్ళు మూగారు. రూతు వచ్చి మొదట చూసింది, లేదు. చివర చూసింది. ఆ రోజు మాత్రం ఊరుకోలేదు. కడవ ఎత్తుకొచ్చి మా అమ్మ బిందె పక్కకు నెట్టి కొళాయి కింద పెట్టేసింది.

"ఓలమ్మో! ఏటే గుంటా, వరసనేదా నీకు?" అని మా అమ్మ అరిచింది.

"నాదే ముందత్తా! నాను అందరికన్నా ముందు ఎట్టినాను. ఎవులో జరిపేస్తన్నారు, రోజూ జరిపేస్తన్నారు!"

"జరిపేస్తన్నారా? మా పోలి కాపలా ఉండగా జరిపేస్తన్నారా? అంటే మా పిల్ల దొంగా? మొన్నొచ్చి మామీదే నిందలేస్తావా?"

తక్కిన వాళ్ళు కూడా మా అమ్మకే వంతపాడారు. పోలమ్మ కళ్ళు కప్పి కడవ కదిలించే మొనగాళ్ళెవరట, ఈ పిల్లే దొంగ ఏడుపులు ఏడుస్తోందట. మా అమ్మ ఆ కడవను లాగి పక్కకు విసిరింది. గట్టు మీద పడి భళ్ళున పగిలింది. రూతు ఆ పెంకుల ముందు చతికిలబడి, "ఇయ్యాల ఆలస్యమయితే నా పేరు కొట్టేస్తారు, నా పేరు కొట్టేస్తారు" అని తలబాదుకుంది.

మా అమ్మ నన్ను నమ్మి అంత పని చేసింది. నేను దొంగని కాదని పదిమందిలో కొట్లాడుతోంది, నేనేమో దొంగనే. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది.

"అమ్మా, నానే జరిపినాను" అన్నాను.

ఎవరికీ వినబడలేదు. మళ్ళీ గట్టిగా అరిచి చెప్పాను. "రోజూ నానే జరిపినాను! ఆ గుంట తప్పేటీ నేదు!"

కొళాయి నీళ్ళు కారిపోతున్నా ఎవరూ పట్టుకోలేదు. మా అమ్మ నన్నొక్కటి కొట్టింది. చెంప పేలిపోయింది. తర్వాత తన ఇత్తడి బిందె నింపుకుని చంకనెత్తుకుంది. "లెగమ్మా రూతూ. నువ్వు బడికెల్లు. మీ యింటికి నీల్లు నాను తెస్తాను, మీయమ్మనీ నానే సూసుకుంటాను" అంది. నా వంక చూడలేదు.

ఇద్దరం పరిగెత్తాం, ఆ పిల్ల ముందు, నేను వెనక. సగం దారిలోనే సైరన్ మోగింది.

మేస్టారు రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి రూతు వైపు బాధగా చూశారు. నేను బల్ల దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. క్లాసంతా వింటోంది. "ఆ తొమ్మిదీ నావి మేస్టారూ. నా పేరుకి రాసెయ్యండి" అన్నాను.

ఆయన నిజంగానే రూతు వరసలో ఉన్న తొమ్మిది గుర్తులూ ఒక్కొక్కటే కొట్టేసి, నా వరసలో ఒక్కొక్కటే వేశారు. కలం ఆ రోజు గడి దగ్గర ఆగింది. అక్కడ ఇంకొక్క గుర్తు పడితే నా పని సరి. మా నాన్న నన్ను చంపేస్తాడు, చదువూ ఉండదు. మేస్టారు కలం మూత పెట్టేశారు.

"ఇవాళ్టికి ఇద్దరూ వెళ్ళి కూర్చోండి. ఇంకొక్క రోజు ఆలస్యమయితే మాత్రం నేనేం చెయ్యలేను పోలమ్మా" అన్నారు.

మా అమ్మ నన్ను కాపలా మాన్పించింది. సూసన్న కోలుకునేదాకా రోజూ వాళ్ళింటికి రెండు బిందెల నీళ్ళు మోసే పని నాకు పెట్టింది. నేను బిందె గడప దగ్గర దించేదాన్ని, రూతు వచ్చి లోపలికి తీసుకెళ్ళేది. నేను "తప్పయిపోనాదే" అని ఒకటికి మూడుసార్లు అన్నాను. వినబడనట్టే వెళ్ళిపోయేది. నాకు కోపం రాలేదు, ఏ మొహం పెట్టుకుని వస్తుంది?

ఓ నెల గడిచాక పెద్ద వాన కురిసిన పొద్దున్న రెండో బిందెతో కాలు జారి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, నీళ్ళు ఒలికిపోయాయి. మళ్ళీ వరస చివర నిలబడి పట్టుకొచ్చి దించి, బట్టలు మార్చుకునేసరికి రూతు బడికి వెళ్ళిపోయింది. బురదలో కుంటుకుంటూ పరిగెత్తాను. సందు మలుపు తిరిగేసరికి సైరన్ మొదలయింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఏడుస్తూనే పరిగెత్తాను.

గేటు మూసి లేదు. చౌకీదారు మూయబోతుంటే రూతు ఆ గేటు రెక్కల మధ్య అడ్డంగా నిలబడి ఉంది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. తడిసి ముద్దయింది. "హట్ జా లడ్‌కీ, హట్!" అని, తప్పుకోమని చౌకీదారు కేకలేస్తున్నాడు. రూతు రెండు చేతులతో గేటు ఊచలు పట్టుకుని నా వైపు చూసి గొంతు చించుకుంటోంది.

"పోలమ్మా! పరిగెత్తే! పరిగెత్తూ!"

సైరన్ ఆగేలోపల ఆ పిల్ల చంక కిందుగా దూరి లోపల పడ్డాను. గేటు దభాలున మూసుకుంది. రొప్పుతూ, మోకాలి నెత్తురు కారుతూ అలాగే నేల మీద కూర్చుండిపోయాను. రూతు చెయ్యి పట్టి నన్ను లేవదీసింది.

"నీ పేరు కొట్టేస్తే మా యింటికి నీల్లెవులు తెస్తారే?" అని నవ్వింది.

నేనూ నవ్వబోయాను గానీ, ఏడుపు ముంచుకొచ్చేసింది.