దీపం ఆరకుండా తిప్పిన ఫ్యాను

"నువ్వే రావాల శోభనమ్మా, ఇంకెవురి వల్లా కాలేదు," అని కేశవులు ఫోన్లో బతిమాలుతుంటే శోభన కడుపు చల్లబడింది. ఎనిమిది నెలలుగా ఆమె ఎదురుచూసింది ఈ మాట కోసమే. జాలి గీలి ఏమీ లేదు.

"వస్తాను సార్. అయితే ఆ పొద్దు ఎవురెవురు ఉన్నారో అందురూ ఉండాల. ఉద్దనపల్లి కోటమ్మ కూడా రావాల."

ఇంతకుముందు ఆమె అతణ్ణి అన్నా అని పిలిచేది. సార్ అన్న మాట అతనికి గుచ్చుకున్నట్టే ఉంది. మాఘమాసం ముహూర్తాలు నెత్తిమీదున్నాయి, నాలుగు పెళ్లి వీడియోలు సగంలో ఆగాయి. సరేనన్నాడు.

హోసూరులో కేశవులుది వీడియో స్టూడియో. అక్కడి పెద్ద కంప్యూటర్‌ను ఒక్కో భాగమూ కొని తెచ్చి, కూర్చి, బిగించింది శోభనే. పెట్టెకు ముందు మూడు ఫ్యాన్లు పెట్టింది, బయటి చల్లగాలిని లోపలికి లాగడానికి. వెనక ఒక్కటే ఫ్యాను, లోపలి వేడిని బయటికి తోయడానికి. పైన కంతల్లేని పెట్టె అది. వేడి పోవడానికి ఉన్నది ఆ వెనక దారి ఒక్కటే.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ కంప్యూటర్ కాగి కాగి ఆగిపోయింది. లోపలి డిస్కు పనికిరాకుండా పోయింది. కోటమ్మ మనవడికి చెవులు కుట్టించిన వీడియో అందులోనే ఉంది. ఆ వేడుకలో పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని నవ్విన కోటమ్మ మొగుడు నాగేశప్ప, నెల తిరక్కుండానే చనిపోయాడు. కెమెరా కార్డులు ఉన్నాయా అంటే, కేశవులు అప్పటికే తుడిచేసి ఇంకో పెళ్లికి వాడేశాడు.

ఆ రోజు అతను పెట్టె విప్పి నలుగురికీ చూపించాడు. వెనక ఫ్యాను తిరగేసి ఉంది. గాలిని బయటికి తోయాల్సింది లోపలికే లాగుతోంది. "చూడండప్పా, ఈమె బిగించిన అందం!" అన్నాడు. నేను అట్లా బిగించలేదని శోభన మొత్తుకుంది. ఎవరు వింటారు? కోటమ్మ వీధిలోకి వెళ్లి గుప్పెడు మన్ను తెచ్చి ఆమె మీద ఎత్తిపోసింది. "నా మొగుడి మొగం మింగినావు గదే! నీ చేతికి ఇంక పని దొరక్కుండా పోవాల!" అంది. ఆ మాట అక్షరాలా జరిగింది. ఎదురుగా విడిభాగాల అంగడి పెట్టుకున్న తిలక్ సహా హోసూరులో ఒక్కరూ ఆమెకు పని ఇవ్వలేదు. ఇప్పుడు సూళగిరి దగ్గర ఒక కంపెనీలో అట్టపెట్టెలకు టేపు అంటిస్తోంది.

శుక్రవారం పొద్దున శోభన స్టూడియోలో అడుగుపెట్టేసరికి అందరూ ఉన్నారు. కోటమ్మ గడప దగ్గర మొహం తిప్పుకుని నిలబడింది. కంప్యూటర్ ఆపి ఉంది. దాని వెనక గోడకు దేవుడి పటం, పటం ముందు దీపం వెలుగుతోంది.

"ముగ్గురు మెకానిక్కులు చూసినారు," అన్నాడు కేశవులు. "ఫ్యాన్లన్నీ సరిగానే ఉండాయంటారు. వాళ్లు పోతే మళ్లా కాగుతుంది."

శోభన పక్కరేకు తీసింది. వెనక ఫ్యాను సరిగానే ఉంది. కానీ దాని నాలుగు మరమేకుల తలలూ విప్పీ బిగించీ అరిగిపోయి మెరుస్తున్నాయి. లోపల వేడిని లాగే లోహపు రెక్కల మీద తెల్లటి పొడి, నల్లటి మసి. వేలితో తీసి కోటమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఇది ఏమో చూడమ్మా."

కోటమ్మ అయిష్టంగానే వాసన చూసింది. "విభూతి. కర్పూరం మసి కూడా ఉంది."

"ఈ ఫ్యాను గాలిని బయటికి తోస్తుంది. మరి పటం కాడ విభూతి లోపలికి ఎట్ల వచ్చె?"

శోభన కంప్యూటర్ ఆన్ చేసింది. ఫ్యాన్లు తిరిగాయి. వెనక నుంచి వచ్చిన గాలికి దీపం రెండుసార్లు ఊగి ఆరిపోయింది. కేశవులు అదిరిపడి అగ్గిపెట్టె కోసం చేయి చాపాడు.

"అదీ సంగతి," అంది శోభన. "దీపం ఆరకుండా ఉండాలని ఫ్యాను తిప్పేసినావు. మెకానిక్కు వస్తాడంటే సరిగా పెడతావు, వాడు పోతానే మళ్లా తిప్పుతావు. ఆ పొద్దు కూడా తిప్పింది నువ్వే. నీ నోటితో చెప్పు సార్, ఈళ్లందురూ వినాల."

కేశవులు తల వంచుకున్నాడు. "శుక్రవారం పూట దీపం ఆరితే ఎట్లమ్మా... వ్యాపారం కదా..."

"ఎవురు తిప్పినారు?"

"నేనే."

ఆ ఒక్క మాట వినడానికి ఆమె ఎనిమిది నెలలు టేపు అంటించింది. విన్నాక కూడా కసి తీరలేదు. ఇంకోసారి చెప్పమని అడగాలనిపించింది.

కోటమ్మ పటం వంక, ఆరిన దీపం వంక, కంప్యూటర్ వంక చూసింది. "దీపాన్ని మూరెడు పక్కకి జరిపింటే సరిపోయుండేది గదప్పా," అంది మెల్లగా. గడప దిగి వీధిలోకి వెళ్లిపోయింది.

శోభన స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుంది. "బాగుచేసి పోమ్మా!" అన్నాడు కేశవులు.

"కంప్యూటర్‌కు ఏమీ కాలేదు సార్. దాని మీద చెయ్యి పెట్టొద్దు, అంతే."

తిలక్ నసుగుతూ, సోమవారం మా అంగడికి రామ్మా అన్నాడు. ఆమె విననట్టే బయటికి నడిచింది.

వీధిలో కోటమ్మ ఆమెకు ఎదురుపడింది. చేతిలో గుప్పెడు మన్ను ఉంది. శోభనను చూసి కళ్లు దించుకుని పక్కకు తప్పుకుని, తిన్నగా స్టూడియో మెట్లెక్కింది.

ఆపాలంటే శోభన ఆపగలిగేదే. బస్టాండు వైపు నడిచింది.