ఆధారపడినవారి సమ్మతి

"కొంచెం చూడు" అంటూ నాగేంద్రప్రసాద్ లాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద గోంగూర కట్టల పక్కన పెట్టాడు. ఆకు తుంచుతున్న చేతుల్ని చంద్రిక ఆపలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమెకు బాగా అర్థమైన మాట అదొక్కటే. మొగుడు కొంచెం అన్నాడంటే శుక్రవారం, శనివారం రెండూ గోవిందా అన్నమాట. సెలవులు అతనివి, పని ఆమెది.

నాగేంద్రప్రసాద్ మస్కట్‌లోని రూవిలో ఒక న్యాయ సలహాల కంపెనీలో సీనియర్ కన్సల్టెంటు. పెద్ద పెద్ద కాగితాలు చదివి, వాటిలో ఏముందో పెద్దవాళ్లకి చిన్న మాటల్లో రాసివ్వడం ఆ కంపెనీ వ్యాపారం. అందులో అతని వంతు పనిలో ముప్పాతిక మువ్వీసం ఇంట్లో, ఈ టేబుల్ మీదే జరుగుతుంది. చంద్రిక కాకినాడలో లా చదివింది. ఏడాదిన్నర కోర్టుకి కూడా వెళ్లింది. పెళ్లయ్యాక ఫ్యామిలీ వీసా మీద మస్కట్ వచ్చింది. రెసిడెంట్ కార్డు లెక్కలో ఆమె మొగుడి మీద ఆధారపడిన మనిషి. తెలుగువాళ్లంతా ఎక్కడైనా కలిసినప్పుడు అతను నలుగురిలో నవ్వుతూ "మా ఆవిడ కూడా కాస్త చదువుకుందండోయ్, నా డ్రాఫ్టుల్లో కామాలు సరిచేస్తుంది" అనేవాడు. కామాలట! కామాలకీ కామాలకీ మధ్య ఉండేదంతా ఎవరు రాస్తున్నారో ఆ నలుగురిలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఈసారి వచ్చింది మామూలు కాగితం కాదు. పొరుగు గల్ఫ్ దేశాలతో సరిహద్దు సహకార ఒప్పందం. దాన్ని ఆమోదించాలా వద్దా అని షూరా మజ్లిస్, అంటే ఇక్కడి పార్లమెంటు, చర్చిస్తోంది. చేపల పడవలు, అంబులెన్సులు, లారీలు, ఉద్యోగులు, ఏవైనా హద్దు దాటి అటూ ఇటూ సులువుగా పోయి రావడానికి ఈ ఏర్పాటు. కమిటీ సభ్యుల కోసం నోటు రాసే పని కంపెనీకి వచ్చింది, కంపెనీ నుంచి నాగేంద్రప్రసాద్‌కి వచ్చింది, అతని నుంచి గోంగూర దాకా వచ్చింది.

ఒప్పందం మాటెలా ఉన్నా, ఆమెకు ముందు మొగుడి మీద అనుమానం వచ్చింది. క్రికెట్ స్కోరు తప్ప వార్త అన్నది చదవని మనిషి నెల రోజులుగా షూరాలో ఏం జరిగిందో రోజూ వెతుకుతున్నాడు. "నెలాఖరుకి పాసవుతుందంటారా?" అని ఫోన్లో ఎవరినో అడుగుతాడు. ఆమె గదిలోకి వస్తే "సరే, రేపు మాట్లాడదాం" అని పెట్టేస్తాడు. ఒకరోజు అన్నం తింటూ తింటూ "బహ్రెయిన్లో స్కూళ్లు ఎలా ఉంటాయంటావ్?" అన్నాడు. "ఎందుకండీ?" అంటే "ఊరికే" అన్నాడు. మొగుడి ఊరికేలను ఆమె ఎన్నడూ నమ్మలేదు. పప్పన్నంలో నెయ్యి వేసుకుంటూ ఊరికే ఎవరూ బహ్రెయిన్‌ని తలుచుకోరు.

పైగా ఆమె కాగితం ఒకటి అతని దగ్గర ఆగిపోయి ఉంది. హమ్రియాలో అజీజా అనే ఒమనీ ఆవిడ అనువాదాల ఆఫీసు నడుపుతోంది. కూతురు అక్షర స్కూలు కాగితాల పని మీద వెళ్లినప్పుడు, టేబుల్ మీదున్న ఎవరిదో అద్దె పత్రంలో తప్పుని చంద్రిక నిలబడిన చోటే పట్టుకుంది. అజీజా ఆమెను ఎగాదిగా చూసి, ఇక్కడి బలూచీలు మాట్లాడే హిందీలో "చంద్రికా బెహన్, నీలాంటి కళ్లు నా ఆఫీసులో కావాలి. వీసా నేను మార్పిస్తా. నీ పేరు మీద నీ కార్డు ఉంటుంది" అంది. నీ పేరు మీద నీ కార్డు. ఆ మాట విన్నాక ఇంటికి వచ్చేదాకా బస్సులో చంద్రికకి కళ్లు చెమరుస్తూనే ఉన్నాయి. దానికి కావలసిందల్లా ఆమె ఉద్యోగం చేయడానికి తనకు అభ్యంతరం లేదని మొగుడు రాసిచ్చే ఉత్తరం. దాన్ని టైపు చేసి అతని చేతికిచ్చి ఆరు వారాలైంది. "చూద్దాంలే" అన్నాడు. అత్తగారు చిట్టెమ్మ వీడియో కాల్‌లో "మావాడు నీకేం తక్కువ చేశాడమ్మా? ఆడపిల్ల పదకొండో క్లాసుకొచ్చింది, ఇప్పుడు నువ్వు ఊళ్లేలాలా?" అంది. చంద్రిక ఊళ్లు అడగలేదు. ఒక ఆఫీసులో ఒక కుర్చీ అడిగింది.

గోంగూర పని అయ్యాక చేతులు కడుక్కుని ఒప్పందాన్ని ఆఖరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. అది వాళ్ల నాన్న వీరాస్వామి నేర్పిన పద్ధతి. ఆయన పిఠాపురం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు ముప్పయ్యేళ్లు దస్తావేజులు రాశాడు. "అమ్మాయ్, దస్తావేజులో ముందు పేజీలన్నీ మర్యాదలే. మెలికంతా షెడ్యూల్లో ఉంటది. ఎనకనించి రా" అనేవాడు. ఈ ఒప్పందం ముందు పేజీల్లో కూడా సోదరభావానికీ చారిత్రక బంధాలకీ కరువేమీ లేదు. మూడో షెడ్యూలు ఏడో అంశం దగ్గర ఆమె వేలు ఆగింది. ఉద్యోగిని పొరుగు దేశానికి పంపేటప్పుడు, సౌకర్యార్థం, అతనిపై ఆధారపడినవారి నివాస అనుమతి కూడా వెంటే బదిలీ అవుతుందట. ఆధారపడినవారి సమ్మతి ఉద్యోగి సంతకంలోనే ఉన్నట్టు భావిస్తారట. సౌకర్యం ఎవరికో రాయలేదు. ఇక్కడి కార్డు రద్దయిందన్న సంగతి కూడా ఆ ఆధారపడిన మనిషికి చెప్పి తీరాలని ఎక్కడా లేదు.

దాని మీద ఒక పేరా రాసి, సాయంత్రం టీ ఇస్తూ అతనికి చెప్పింది. నాగేంద్రప్రసాద్ ఫోన్లోంచి తలెత్తలేదు గానీ, స్క్రీను మీద బొటనవేలు ఆగిపోయింది. ఆమె అది చూసింది.

"ఆ పేరా తీసెయ్" అన్నాడు.

"ఎందుకండీ? కమిటీవాళ్లు ముందు చూడాల్సింది అదే కదా."

"ఇది ఎంత తొందరగా పాసైతే మా ఆఫీసు పెద్దాయన ముదీర్‌కి అంత మంచిది. ఇలా ఈకలు పీకుతూ కూర్చుంటే ఆయన నన్ను పీకుతాడు. అయినా మొగుడు వెళ్తే పెళ్లాం వెళ్లదా? దానికి మళ్లీ వేరే సంతకమా?"

"వెళ్లనివాళ్లు కూడా ఉండొచ్చు."

"నీది పుట్టుకతో వచ్చిన అనుమానం చందూ. మా అమ్మ అననే అంది, ప్లీడరు పిల్లని చేసుకుంటే పప్పులో ఉప్పుక్కూడా సాక్ష్యం అడుగుద్దని."

శనివారం పొద్దున్నే అతను స్నేహితులతో కలిసి చేపలకని ఖురియాత్ వెళ్లాడు. గుమ్మం దాటుతూ "ఒప్పందం కొత్త డ్రాఫ్టు డౌన్‌లోడ్స్‌లో ఉంది, అది వాడు" అని చెప్పాడు. కొత్త డ్రాఫ్టు ఉంది. దాని కిందే కంపెనీ ఫారం ఒకటి ఉంది. ఒప్పందం ఆమోదం పొందగానే బహ్రెయిన్ ఆఫీసుకి బదిలీ అయ్యేవారి జాబితాకి సంబంధించినది. నాగేంద్రప్రసాద్, వెంట భార్య, కూతురు. కుటుంబ సభ్యుల సమ్మతి: ఉంది. కింద అతని సంతకం. తేదీ చూసింది. అజీజా ఆఫీసు ఉద్యోగం కోసం టైపు చేసిన ఉత్తరాన్ని ఆమె అతని చేతికిచ్చిన మర్నాడు.

కోపం రావడానికి చాలాసేపు పట్టింది. ముందు వచ్చింది సిగ్గు, ఎవరో తన చీర అడక్కుండా కట్టుకుని ఊరంతా తిరిగి వచ్చినట్టు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఏమిటో ఇన్నాళ్లకి తెలిసింది. తన సమ్మతి తన దగ్గరే ఉందనుకుంటోంది పిచ్చిది, అది ఎప్పుడో కంపెనీ ఫైల్లో చేరి కూర్చుంది. ఒక చేపల పడవని హద్దు దాటించాలంటే దేశాలకు దేశాలు కూర్చుని మాట్లాడుకుంటున్నాయి, పార్లమెంటు కమిటీ నోట్లు అడుగుతోంది. ఆమెను దాటించడానికి ఒక మనిషి, ఒక పెన్ను సరిపోయాయి. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఒకసారి నిజమని తేలిన అనుమానం అంతకన్నా పెద్ద భూతం. అది వెనక్కి నడవడం మొదలుపెట్టింది. అక్షర పుట్టినప్పుడు ఇక పిల్లలు వద్దని "మనం అనుకున్నాం" అన్నాడు, ఆమె మత్తులో ఉన్నప్పుడు ఆస్పత్రి ఫారం నింపింది ఎవరు? ఇప్పట్లో ప్రాక్టీసు చేయనని బార్ కౌన్సిల్‌కి వెళ్లిన ఉత్తరం కింద సంతకం తను పెట్టిందా? ఎంత తలుచుకున్నా పెన్ను పట్టుకున్న గుర్తు లేదు. మనం, మనం అని అతను అన్న ప్రతి చోటా తను ఏ మూల ఉందో వెతుక్కుంటూ, పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఆ వాసనకే అక్షర గదిలోంచి వచ్చి స్టవ్ కట్టేసింది. "ఏమైందమ్మా?"

"నాన్న నీతో బహ్రెయిన్ గురించి ఏమైనా అన్నారా?"

పిల్ల మొహం దించుకుంది. "నీకు చెప్పద్దన్నారు. సర్‌ప్రైజట. నేను చదువు మధ్యలో రానన్నానమ్మా. నవ్వి ఊరుకున్నారు."

చంద్రిక లాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది. తీసెయ్యమన్న పేరాని తీసెయ్యలేదు. నోటు చివరి నుంచి మొదటి పేజీకి తెచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషి సమ్మతినీ ఆ మనిషి సంతకంతోనే తీసుకోవాలి, చదువు మధ్యలో పిల్లల్ని కదిలించేముందు తల్లినీ తండ్రినీ ఇద్దర్నీ అడగాలి అని రాసింది. రాసింది దాచుకోలేదు కూడా. ఆదివారం పొద్దున అతను బూట్లు వేసుకుంటుంటే "మొదటి పేజీ ఒకసారి చదవండి" అంది.

"నువ్వు చూశావుగా" అన్నాడు. గుమ్మంలో నిలబడే ముదీర్‌కి పంపేశాడు. ఇన్నేళ్లలో ఆమె రాసిచ్చినదాన్ని అతను తెరిచి చదివింది లేదు. తీసెయ్యమన్నాక తీసెయ్యకపోవడం అనేది ఒకటి ఉంటుందని అతనికి తట్టలేదు.

మూడు రోజులు ఆమెకు అన్నం సహించలేదు. బుధవారం అతను మామూలుకన్నా ముందే ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"కమిటీ నీ మొదటి పేజీ మీదే రెండు గంటలు కూర్చుంది. మూడో షెడ్యూలు తిరగరాస్తే గానీ ఆమోదం మాట ఎత్తద్దన్నారట. ముదీర్‌కి ముందు చెమటలు పట్టాయి. తర్వాత సభ్యులంతా మెచ్చుకునేసరికి నా భుజం తట్టాడు. ఇంత పదునుగా ఎవరూ చూడలేదన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను!" అన్నాడు. దొంగకి తేలు కుట్టినట్టుంది అతని మొహం. రాయలేదనలేడు, రాశాననలేడు. "చెయ్యాల్సింది చేశావు. ఇప్పుడు ఆదివారానికి దీని మీద వివరణ కూడా కావాలట. రాసిపెట్టు."

"రాస్తాను. కింద నా పేరు ఉంటుంది."

అతను ఆ మాట విననట్టే బ్యాగులోంచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఇంకోటి. కమిటీ అడిగేలోపే బహ్రెయిన్ బదిలీ జాబితాలో ఉన్న వాళ్లందరి భార్యల దగ్గరా సంతకాలు తెమ్మన్నాడు ముదీర్. ఇక్కడ పెట్టెయ్."

చంద్రిక లోపలికి వెళ్లి, అతను సొరుగులో పడేసిన అజీజా ఆఫీసు ఉత్తరం తెచ్చి ఆ కాగితం పక్కన పెట్టింది. "ముందు దీని మీద మీరు పెట్టండి."

"ఇప్పుడిదెందుకు? నెల కాకపోతే రెండు నెలలకైనా మనం బహ్రెయిన్ వెళ్లడం ఖాయం."

"అయితే పెట్టడానికి మీకేం నష్టం?"

అతను విసుగ్గా పెన్ను లాక్కుని గీకాడు. "ఇదిగో. ఏం చేసుకుంటావో చేసుకో. ఇక నీ సంతకం."

చంద్రిక ఉత్తరాన్ని మడిచి పక్కన పెట్టుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని కంపెనీ కాగితం చదవడం మొదలుపెట్టింది. ఆ కాగితంలో ఆమె పేరు ఉంది, పూర్తి పేరు. దాని కింద రెండు గళ్లు ఉన్నాయి. సమ్మతి ఉంది. సమ్మతి లేదు. పెన్ను అందుకుంది. భయంగానే ఉంది. ఈ మనిషి లేకుండా ఒక్క కరెంటు బిల్లు కూడా తన పేరున లేని ఊళ్లో ఉండాలంటే భయంగా ఉండదా?

"చదవడానికేముంది అందులో? ఊరికే ఫార్మాలిటీ. ఇన్నేళ్లలో నువ్వెప్పుడైనా కాదన్నావా?"

"ఇన్నేళ్లలో నన్నెవరైనా అడిగారా?"

 ఆమె రెండో గడిలో టిక్కు పెట్టింది. సంతకం చేసింది. తేదీ వేసింది. కాగితాన్ని అతని వైపు తిప్పింది. అతను దాన్ని చదివాడు. ఆమె రాసినదాన్ని చదవడం అదే మొదటిసారి.

"చందూ, ఏంటిది? నువ్వు రాకపోతే ఎలా?"

"ఆరు వారాల కిందట మీరే అడిగుంటే" అంది చంద్రిక, "వచ్చేదాన్నేమోనండి."