నలభై ఒకటో పేజీ

నలభై పేజీలే కదా నేను చెప్పింది, తలనొప్పి పట్టి అక్కడితో ఆపేసి, చివరి పేరా పొద్దున్న చెబుతాను మీరు ఇంటికెళ్ళండి అన్నాను, అన్నానా, అన్నాను, స్టెనోగారు గొడుగు తీసుకుని తలుపు దగ్గర నమస్కారం పెట్టడం కూడా గుర్తే, మరి ఇక్కడ నలభై ఒకటో పేజీ ఎలా వచ్చింది, తీర్పు మొత్తం పూర్తయిపోయి, నా సంతకానికి గీత గీసి, గీత కింద న్యాయమూర్తి అని, దాని కింద ఈ రోజు తేదీ, పై కారణాల వల్ల దావా కొట్టివేయడమైనది, ఎవరి ఖర్చులు వారే భరించవలెను, ఇవి అచ్చం నా మాటలే, కానీ నేను అనలేదు, అన్నానేమో, ఆ తలనొప్పి మాత్ర వేసుకున్నాక ఏం మాట్లాడానో ఒక్కోసారి నాకే తెలియదు, యాభై నాలుగేళ్ళకే మతిమరుపు వచ్చిందంటే మా అక్క ఏడాదిపాటు వేళాకోళం చేస్తుంది.

పదీ పది అయింది, పదిన్నరకి హాల్లోకి వెళ్ళాలి, మొదట పిలిచేది ఈ కేసే, నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో కెమిస్టు, పంతొమ్మిదేళ్ళ సర్వీసు, ఊరికి వచ్చే నీళ్ళు తాగడానికి పనికిరావని ఉన్నదున్నట్టు రాసినందుకు, కాదు, ప్రభుత్వంవారి మాటల్లో చెప్పాలంటే పై అధికారి అనుమతి లేకుండా రిపోర్టు పంపి క్రమశిక్షణ తప్పినందుకు, ఉద్యోగంలోంచి తీసేశారు, నోటీసు లేదు, విచారణ లేదు, ఈపాటికి వరండాలో నిలబడి ఉంటాడు, ప్రతి వాయిదాకీ అదే నీలం చొక్కా, ఇస్త్రీ మాత్రం చెక్కుచెదరదు, పక్కన భార్య, ఆవిడ నావైపు చూడదు, నా వెనక గోడని చూస్తుంది, అతను సాక్ష్యం చెప్పిన రోజు ప్రభుత్వ ప్లీడరు గొంతు పెంచి అడిగాడు, రిపోర్టు మార్చి రాయమని మీ పై అధికారి మీకు చెప్పారా లేదా, లేదండీ, ఎవరూ చెప్పలేదండీ, మా ల్యాబులో అలా ఎవరూ ఎవరికీ చెప్పరండీ, ఎవరికి వాళ్ళే చూసుకుని రాసేస్తారు, నాకది చేతకాలేదండీ అన్నాడు, హాల్లో నవ్వారు, నేనూ నవ్వాపుకుని, అడిగినదానికే జవాబు చెప్పండి అన్నాను, ఎవరూ చెప్పలేదు అన్నంతవరకే స్టెనోగారికి రాయించాను, మిగతాది రికార్డులో లేదు, నా చెవిలో మాత్రం ఉండిపోయింది, నిన్న మాత్ర వేసుకున్నాక కూడా ఉంది.

గంట కొట్టాను, స్టెనోగారు వచ్చారు, ఆరేళ్ళుగా నాతో పనిచేస్తున్న మనిషి, నేను ఎక్కడ ఊపిరి తీసుకుంటానో అక్కడ కామా పెట్టగల మనిషి, ఈ పేజీ నేను చెప్పానా అని అడిగాను, మీరు చెప్పలేదు మేడమ్, నేనే పొద్దున్నే వచ్చి టైపు చేసి పెట్టాను, మీకు తలనొప్పి కదా, ఒక పని తగ్గుతుందని, అన్నారు, ఎంతో మామూలుగా, దావా కొట్టేస్తానని మీకెవరు చెప్పారు అన్నాను, మనసులో ఒక నల్లటి అనుమానం మెదిలింది, ఈయన్ని ఎవరో కొనేశారు, పేర్లు కూడా రెండు తట్టాయి, ఆయన మొహం చిన్నబోయింది, నాకెవరు చెబుతారు మేడమ్, ప్రభుత్వం మీద కేసు కదా, పైగా ముప్పై ఏడో పేజీలో మీరు అయినప్పటికీ అన్నారు, ప్రభుత్వం కేసులో మీరు ఆ మాట అన్నాక ఇక తిరుగులేదండీ, కావాలంటే పాత ఫైళ్ళు తెస్తాను చూడండి, ఈ ఆరేళ్ళలో ప్రభుత్వం మీద వచ్చినవి ముప్పై ఒకటి, రెండే ఒప్పుకున్నారు, ఆ రెండూ మాకు అభ్యంతరం లేదని ప్రభుత్వమే అన్న కేసులు, తప్పు చేస్తే క్షమించండి, మళ్ళీ టైపు చేస్తాను, వద్దు, ఉండండి, కాసేపు బయట ఉండండి అన్నాను, నొచ్చుకుంటూ వెళ్ళారు, పాపం, ఆ లెక్క నన్ను ఎత్తిపొడవడానికి చెప్పింది కాదు, నా అలవాట్లు తనకెంత బాగా తెలుసో చూపించుకోవడానికి చెప్పింది.

ముప్పై ఒకటిలో రెండు, అందులోనూ ఆ రెండు, కాదే, ప్రతిదానికీ కారణాలు రాశాను, ఒక్కోటి యాభై పేజీలు, పైకోర్టు వాళ్ళు ఒక్కటి కూడా తిప్పి పంపలేదు, అదే కదా పోయిన వారం లా కాలేజీలో ఛాతీ విరుచుకుని చెప్పింది, న్యాయమూర్తి జీతం తగ్గించడానికి వీల్లేదు, ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి వీల్లేదు, ఈ తీర్పు ఎందుకిచ్చావని అడగడానికి వీల్లేదు, చట్టం మా చుట్టూ ఇంత గట్టి గోడ కట్టింది అని, వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, అది చట్టంలో కదా మేడమ్, నిజంగా మీకెప్పుడైనా ఎవరైనా ఫోన్ చేశారా అంది, ప్రిన్సిపాలు కంగారుపడ్డాడు, నేను మాత్రం తాపీగా మైకు దగ్గరికి లాక్కుని, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా లేదు అన్నాను, ఎన్ని చప్పట్లు, ఇంటికొచ్చి మా ఆయనకి రెండుసార్లు చెప్పుకున్నాను, ఆ మాట నిజం కూడా, ఎవరూ చేయలేదు, పైకోర్టుకి జడ్జీలుగా వెళ్ళేవాళ్ళ లిస్టు ఈ వారమే వస్తుందట అని ఇవాళ కాఫీ దగ్గర మా ఆయన అన్నప్పుడు కూడా, కాస్త, అని ఆగిపోయాడు, కాస్త ఏమిటి అంటే, ఏం లేదులే, నీకు చెప్పేంతవాణ్ణా అని పేపరు తిప్పాడు, ఆయనా ఏమీ చెప్పలేదు.

నాన్న కూడా అంతే, ఎప్పుడూ ఒక్క మాట అని ఎరగడు, చెయ్యెత్తి ఎరగడు, అయినా సందు మొదట్లో ఆయన చెప్పుల చప్పుడు వినపడగానే అక్క రేడియో కట్టేసేది, నేను పుస్తకం తెరిచేదాన్ని, పాట సగంలో ఉన్నా సరే, అక్కకి ఎంత ఇష్టమైన పాటైనా సరే, అలా ఎన్నేళ్ళో, ఒకరోజు నాన్న అమ్మని అడిగాడు, ఏమే, మనింట్లో రేడియో ఎవరూ వినరు కదా, ఊరికే మూల పడి ఉంది, ఎవరికైనా ఇచ్చేద్దామా, అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఇచ్చేశాడు కూడా, అక్క వారం రోజులు ఏడ్చింది, ఆయన వద్దన్నది ఎప్పుడే, అని అమ్మ అడిగింది, ఇప్పుడు ఇది ఎందుకు గుర్తొచ్చింది, గుర్తొచ్చిందంటే సిగ్గుగా ఉంది, ముప్పై ఏడు పేజీలు ఆ కెమిస్టు చెప్పిందే నిజమని రాశాను, నమూనా సరైనదే, పరీక్ష సరైనదే, నోటీసు ఇవ్వకపోవడం తప్పే, అన్నీ రాసి, చెప్పుల చప్పుడు కూడా లేకుండానే అయినప్పటికీ అని మొదలుపెట్టాను, నిన్న తలనొప్పి రాకపోతే ఆ చివరి పేరా అక్షరం పొల్లుపోకుండా ఇలాగే చెప్పి ఉండేదాన్ని, పైగా అతని మీద కోర్టు ఖర్చులు వేయలేదు కదా, ఎంత దయగలదాన్ని అనుకుంటూ ఇంటికి వెళ్ళి ఉండేదాన్ని.

పదీ ఇరవై ఒకటి, స్టెనోగారిని పిలిచాను, కూర్చోండి, అయినప్పటికీ దగ్గర్నుంచి మొత్తం తీసేయండి, ఇలా రాయండి, తొలగింపు చెల్లదు, వాదిని పాత జీతంతో ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవలెను, ఖర్చులు ప్రభుత్వమే చెల్లించవలెను, ఆయన పెన్సిలు చెల్లదు అన్న మాట దగ్గరే ఆగింది, చెల్లదు అనేనా మేడమ్, అవును, చెల్లదు, ముప్పై ఏడో పేజీ నుంచి మళ్ళీ టైపు చేసి, తీర్పు మొత్తం సరిచూసి పట్టుకొచ్చేసరికి ఎంతవుతుంది, పదకొండున్నరండీ, సరే, అప్పటిదాకా ఆ కేసు పక్కన పెట్టమని బంట్రోతుకి చెప్పండి, ఆయన లేచారు, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు, గొంతు బాగా తగ్గించి, ఎవరికీ చెప్పనులెండి, ఎవరైనా ఫోన్ చేశారా మేడమ్, అన్నారు, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, లేదండీ, ఎవరూ చేయలేదు, అన్నాను, మేజా మీద నల్లటి ఫోను ఎప్పట్లాగే నోరు మూసుకుని ఉంది, ఆ లా కాలేజీ అమ్మాయికి నేను చెప్పింది నిజమే, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా లేదు, ఎలా ఉంటుంది, వాళ్ళకి ఫోన్ చేసే అవసరం నేనెప్పుడు రానిచ్చాను గనక, ఇవాళ మధ్యాహ్నం నుంచి మోగుతుందేమో, మోగనీ.