పుర్రచేతి చుట్టు

నల్లపూత పూసిన రేకు, దాని మీద ఉల్లిపొరలాంటి తెల్లటి పొర, ఆ పొర మీద మరో రేకు. మూడింటి కొసలూ సమంగా పట్టి, ఉక్కు కదురు చీలికలోకి దూర్చి, కూర్మయ్య చుట్టడం మొదలుపెట్టాడు. తిప్పేది ఎడమచెయ్యి. కుడిచెయ్యి రేకు జారిపోకుండా కాపలా కాస్తుంది, అంతే. పది చుట్లు తిరిగేసరికి వేలంత లావైంది. ఇరవై తిరిగేసరికి సైకిలు పిడంత అయింది. గోటితో అంచు తడిమి చూసి, టేపు ముక్క అంటించి, పళ్ళెంలో పెట్టాడు. అప్పటికింకా తొమ్మిదిన్నర కాలేదు.

గది మూల, లక్షలు పోసి కొన్న చుట్టే యంత్రం దుప్పటి కప్పుకుని పడుకుంది. దాన్ని నడపడం నేర్పడానికి వస్తానన్న మనిషి ఆరేళ్ళుగా వస్తూనే ఉన్నాడు. అందుచేత ఆ ఇంజినీరింగు కాలేజీ బ్యాటరీ లాబులో ఎవరికి పరిశోధన డిగ్రీ వచ్చినా, ఎవరి ఫోటో పేపర్లో పడినా, దాని వెనకాల కూర్మయ్య చుట్టిన సెల్లొకటి ఉండేది. కూర్మయ్య మాత్రం ఏ ఫోటోలోనూ ఉండేవాడు కాదు. ఫోటో తీసేటప్పుడు లైటు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా.

పొట్టి మనిషి. దారంతో కట్టిన కళ్ళజోడు. చెవుల్లో తెల్ల వెంట్రుకలు. ఎన్నిసార్లు సబ్బుతో తోమినా వదలని నలుపు గోళ్ళ కింద. అయితే ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుమ్మంలోంచి అది చూసి సోములు ఆగిపోయాడు. సోములు కాలేజీ వాచ్‌మన్, కూర్మయ్య పెళ్ళాం తమ్ముడు.

"ఏటి బావా, ఇస్త్రీ సొక్కా ఏసేసినావు? ఎవలి పెళ్ళి?"

"నాదేరా. మీ అక్కకి సెప్పకు."

"సెప్తే అదే దగ్గరుండి సేసేస్తాది, పీడ వొదిలిపోద్దని." సోములు నవ్వి, లోపలికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఈ దినమే కదా ఇచారణ? నీ పేరు ఉంటాదా, ఎగిరిపోద్దా?"

"పదకొండున్నరకి తేల్తాది. బేగి గేటు కాడికెల్లు, సారొస్తాడు."

సోములు అనుమానంలో నిజముంది. పేటెంటు కోసం నాలుగేళ్ళ కిందట వేసిన అప్లికేషను మీద చెన్నై ఆఫీసువాళ్ళు అభ్యంతరాలు రాశారు. ఇవాళ కంప్యూటరు తెర మీద విచారణ. ఆ కాగితంలో కనిపెట్టినవాళ్ళ పేర్లు మూడున్నాయి. మొదటిది లాబు పెద్ద మోహనకృష్ణ సారు, రెండోది ఆయన దగ్గర పరిశోధన చేసే అర్చన, మూడోది బొనిగి కూర్మయ్య, ల్యాబ్ అటెండరు. పాసైతే మూడూ ప్రభుత్వం వారి పత్రంలోకి ఎక్కుతాయి. కొట్టేస్తే చిత్తుకాగితం. సారుకి అలాంటివి ఇంకో అరడజను ఉన్నాయి. అర్చన చిన్నది, ముందు ముందు ఇంకెన్నో చేస్తుంది. కూర్మయ్యకి అరవై నిండాయి, కాంట్రాక్టు ఇవాళ్టితో ఆఖరు. అతని పేరు అచ్చులో పడే అవకాశం భూమ్మీద ఈ ఒక్కటే. ఎస్.కోటలో అతని వీధి వీధంతా దాని గురించి తెలుసు. తెలియడమేమిటి, తనే చెప్పుకున్నాడు.

ఆ పేరు అక్కడికి ఎక్కడానికి కారణం పొగాకు.

కూర్మయ్య పుట్టింది నౌపడలో. తండ్రి ఉప్పు కయ్యల్లో పని. తల్లి గున్నమ్మ చుట్టలు చుట్టేది, చుట్టినవాటిలో రోజుకి నాలుగు తనే అడ్డపొగ తాగేది, నిప్పు నోట్లో పెట్టుకుని మాట్లాడితే ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. మూడో తరగతిలో మేస్టారు ఇతని ఎడమచేతిని బల్లకి తాడేసి కట్టేశాడు, కుడిచేత్తో అక్షరాలు రావాలని. అక్షరాలు రాలేదు, చేతి మీద కాయ వచ్చింది. గున్నమ్మ బడికి వెళ్ళి, నిప్పున్న చుట్ట నోట్లోంచి తీసి మేస్టారితో రెండు మాటలు మాట్లాడి, కొడుకుని ఇంటికి తెచ్చేసుకుంది. చుట్టకి కుడీ ఎడమా తేడా లేదు. అక్కడ ఆ చెయ్యి బాగుపడింది.

ఆకులో ఈనెలుంటాయి. ఈనె నిలువుగా పడేట్టు చుడితే ప్రతి చుట్టులోనూ ఉబ్బు ఒకే చోట పడి చుట్ట బుడిపె కడుతుంది, పగులుతుంది. ఏటవాలుగా వేసి, ఈనె కొన ముందు లోపలికి పోయేట్టు, మొదలు తరువాత వచ్చేట్టు చుడితే ఆ ఉబ్బు చుట్ట పొడుగునా సర్దుకుంటుంది. ఇది గున్నమ్మ చెప్పలేదు. వేళ్ళ మీద ఒక దెబ్బ వేసింది, అంతే.

అప్లికేషనుకి ముందు లాబులో సెల్లులు ఒక పక్క ఉబ్బిపోతూ ఉండేవి. కరెంటు బయటికి రావడానికి రేకు మీద అంటించే సన్నటి లోహపు పట్టీ ఉంటుంది, దాన్ని ట్యాబ్ అంటారు, కూర్మయ్య నాలిక అంటాడు, ఉబ్బు దాని దగ్గరే. చదువుకున్నవాళ్ళు ఆరు నెలలు కంప్యూటర్లో రంగురంగుల బొమ్మలు వేసుకుని చూశారు. ఒకరోజు కూర్మయ్య ఉబ్బిన సెల్లొకటి విప్పి, వేలితో తడిమి, "సారూ, ఈనె నిలువుగా ఎట్టేసినారు" అన్నాడు. నాలికని ఏటవాలుగా అంటించి, లోపలి కొన ముందు దూరేట్టు, బయటికి వచ్చే కొన వెనకాల వచ్చేట్టు చుట్టి ఇచ్చాడు. ఆ సెల్లు ఐదువందలసార్లు ఛార్జి ఎక్కి దిగినా ఉబ్బలేదు.

అప్లికేషన్లో అటెండరు పేరేమిటని మేనేజిమెంటువాళ్ళు మూతి ముడిచారు. మోహనకృష్ణ తాతముత్తాతలు శ్రీముఖలింగంలో వేదం చెప్పుకున్నవాళ్ళు, మెత్తటి మనిషి. ఆ ఒక్కరోజు మాత్రం, "చేసినవాడి పేరు లేకపోతే నా పేరూ వద్దు" అని కూర్చున్నాడు. అంతమాత్రాన కూర్మయ్యని పిలిచి ఆ కాగితం చూపించాడా అంటే, లేదు. ఇంగ్లీషు కాగితం కూర్మయ్యకెందుకని ఎవరికీ తోచలేదు.

పదకొండున్నరకి మీటింగు గదిలో తెర వెలిగింది. కూర్మయ్య మచ్చు సెల్లుల పళ్ళెం, కదురు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. తెర మీద నెరిసిన జుట్టు, పెద్ద కళ్ళద్దాల తమిళావిడ. పేటెంటు ఆఫీసు కంట్రోలరు, తేల్చవలసినది ఆవిడే. ఆవిడ ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడుతోంటే అర్చన పక్కకి వంగి కూర్మయ్యకి గుసగుసగా చెబుతోంది.

"జపానువాళ్ళ పాత పేటెంటు కాగితం ఒకటుందట. మనదీ అదే అయితే కొత్తది కాదని కొట్టేస్తారు. అందులోనూ ట్యాబ్ ఏటవాలే. బయటి కొన ముందు చుట్టులోకి వెళుతుందట."

"మనది లోపలి కొన కదమ్మా."

"సారు అదే చెబుతున్నారు. ఏడో పేజీలో రాశాం కూడా."

కంట్రోలరు కళ్ళద్దాలు సవరించుకుంది. ఏడో పేజీ చదివాననీ, కానీ మీరే ఇచ్చిన రెండో బొమ్మ వేరే మాట చెబుతోందనీ అంది. తెర మీద బొమ్మ వచ్చింది. పరిచిన రేకు, దాని మీద ఏటవాలుగా నాలిక, పక్కన చుట్టే దిక్కు చూపిస్తూ బాణం. ఈ బాణం ప్రకారం చుడితే బయటి కొనే ముందు వెళుతుంది, అచ్చం జపానువాళ్ళదే, మీ మాట నమ్మాలా మీ బొమ్మ నమ్మాలా అని అడిగింది.

మోహనకృష్ణ కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. అర్చన తెర దగ్గరకి వంగింది. ఆ బొమ్మ ఆమె గీసినది. తెలిసినవాళ్ళు నలుగురు సరిచూసినది. కూర్మయ్య తన పేరు సంగతి వీధి వీధంతా చెప్పుకున్నాడు.

అప్పుడు బొమ్మకేసి సరిగ్గా చూశాడు. నాలుగేళ్ళలో దాన్ని చూడడం ఇదే మొదలు. చూసి, చేతిలో పళ్ళెం గలగలలాడేట్టు నవ్వేశాడు.

"బాబూ, నాలిక సరిగ్గానే ఉన్నాది. బాణవే తిరగబడిపోనాది. ఇది కుడిసేతోలు సుట్టినట్టు గీసేసినారు. నాను ఇటు కదా సుడతాను!"

ఎడమచెయ్యి గాల్లో తిప్పి చూపించాడు.

అర్చన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగేళ్ళ కిందట ఆమె ఇతని ముందు కూర్చుని నాలిక ఎలా ఉందో అలాగే, వెంట్రుకవాసి తేడా లేకుండా గీసింది. బాణం దగ్గరకొచ్చేసరికి, పాపం ఈయనది పుర్రచెయ్యి, పద్ధతి ప్రకారం ఇటు ఉండాలి కదా అనుకుని, కుడివైపుకి సరిచేసింది. మర్యాద కొద్దీ సరిచేసింది.

"ఆయన ఎవరు?" కంట్రోలరు అడిగింది.

"మూడో ఇన్వెంటరు, మేడమ్," అన్నాడు మోహనకృష్ణ. "ఎడమచేతివాటం. చుట్టేది ఆయనే."

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుని, "చూపించమనండి. మెల్లగా," అంది. ఆ 'మెల్లగా' తెలుగులోనే అంది.

కూర్మయ్య బల్ల దగ్గరకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. రేకు పరిచి, నాలిక చూపించి, కదురులో కొస దూర్చి ఎడమచేత్తో తిప్పాడు. నాలిక లోపలి కొన ముందు మునిగింది. ఒక్కొక్క చుట్టుకీ కొంచెం కొంచెం మునుగుతూ చివరికి బయటి కొన పైకి నిలబడింది. అందరి కళ్ళూ ఆ చేతి మీదే ఉన్నాయి. అన్నం వడ్డించబోతే తోసేసిన చెయ్యి అది, పెళ్ళిలో తాంబూలం అందించబోతే గిల్లించుకున్న చెయ్యి. దానికి ఇవేమీ గుర్తున్నట్టు లేదు. నున్నగా తిరుగుతోంది.

"ఒకటి చుట్టడానికి ఎంతసేపు పడుతుంది?" ఆవిడ మాట అర్చన తెలుగులో చెప్పింది.

"నాలుగు నిమిసాలమ్మా. పక్కనోలు మాటాడకపోతే మూడే."

ఆవిడ నవ్వింది. తెర అంతా నవ్వే అయింది. తర్వాత మళ్ళీ ఆఫీసు మొహం పెట్టి, ఈ చుట్టడం సాక్ష్యం కింద రాసుకోలేననీ, కానీ ఏడో పేజీలో మాట స్పష్టంగా ఉంది కాబట్టి బాణం పొరపాటేనని ఒప్పుకుంటున్నాననీ అంది. పదిహేను రోజుల్లో బొమ్మ సరిచేసి పంపండి, జపాను కాగితం అభ్యంతరం ఇక ఉండదు, మిగతావి చిన్నవి, పత్రం ఇవ్వడానికి నాకు అడ్డేమీ కనబడడం లేదు అంది. తెర ఆరిపోయింది.

మోహనకృష్ణ కుర్చీలోంచి లేచి కూర్మయ్యని కావలించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది. పళ్ళెంలో సెల్లులు దొర్లాయి. అర్చన నవ్వుతూనే ముక్కు చీదుకుంది.

"మీ చెయ్యి ఎదురుగా చూస్తూ కూడా తప్పు గీశాను కూర్మయ్య గారూ."

"నీ తప్పేటుందమ్మా. మా మూడో తరగతి మేస్టారు గీయించినాడు. ఆడు పోయి ముప్పై ఏళ్ళయినాది, ఇంకా నా సెయ్యి ఒగ్గలేదు!"

శ్రావణ శుక్రవారం. పెళ్ళాం పైడమ్మ తెల్లవారే కట్టి ఇచ్చిన పోపు శనగల డబ్బా తెరిచాడు. ముగ్గురూ నిలబడే తిన్నారు. సారు రెండోసారి చెయ్యి చాపాడు. సోములుకి కబురు అంది, గేటు గాలికి వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. వచ్చీ రాగానే ఫోను అక్కకి కలిపి బావ చెవికి పెట్టాడు.

"ఒసే, గెలిసినాం," అన్నాడు కూర్మయ్య.

"నిజవేనా? అయితే ఇంక నిన్ను గారూ అనాలేటి?"

"అనాల."

"కూర్మయ్యగారూ, వచ్చేటప్పుడు కిలో ఉల్లిపాయలు తెండి," అని ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నానికి అర్చన బొమ్మ మళ్ళీ గీసి అచ్చు తీసుకొచ్చింది. రేకు ఉంది, నాలిక ఉంది, బాణం లేదు. కాగితం బల్ల మీద పరిచి పెన్ను అతనికి ఇచ్చింది.

"మీరే గీయండి. సోమవారం దాన్ని చూసి కంప్యూటర్లో ఎక్కిస్తాను."

కూర్మయ్య పెన్ను అలవాటుగా కుడిచేత్తో పట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా జీతం సంతకం వంకర టింకరగా పెట్టేది ఆ చేత్తోనే. ఒకసారి ఆగి, పెన్ను ఎడమచేతికి మార్చుకున్నాడు. గీశాడు.

నాలుగున్నరకి ప్రిన్సిపాలు గదిలో కేకు కోశారు. మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేనేజిమెంటువాళ్ళలో అప్పట్లో మూతి ముడిచిన పెద్దమనిషి, కింది ఉద్యోగుల ప్రతిభని గుర్తించే సంస్థ మనదని పావుగంట చెప్పాడు. కూర్మయ్య కేకు ముక్క తిని చేతులు కడుక్కుని లాబుకి వచ్చేశాడు. తెల్లపొర చుట్టని డబ్బాలో పెట్టాడు. కదురు తుడిచాడు. బల్ల తుడిచాడు, కాగితం తడవకుండా చుట్టూ తిప్పి తుడిచాడు. కిటికీలు వేసి, తాళంచెవుల గుత్తి సోములు చేతిలో పెట్టాడు.

"ఈ దినం ఆఖరని ఆల్లకి సెప్పవా బావా? ఎవలికీ గేపకం లేదు."

"ఇప్పుడెందుకురా? ఆల్లందరూ నవ్వుతన్నారు, నవ్వనీ. సారు సోమారం ఎలాగూ ఎతుక్కుంటాడు. అప్పుడు నువ్వే సెప్పు."

"సెప్పి?"

"నాను నేర్పినాను, అర్చనమ్మకి సుట్టడం వచ్చీసినాదని సెప్పు. కుడిసేత్తోనైనా పరవాలేదు, బాణం ఒక్కటి సూసుకుంటే సాలు."

ఎస్.కోట బస్సు ఐదుంబావుకి. అరవై నిండిన మనిషి గేటు దాకా కుర్రాడిలా నడిచాడు, రోడ్డు పక్క బండి దగ్గర ఉల్లిపాయలు బేరమాడాడు, కిటికీ పక్క సీటు దొరికితే కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా సోములు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

లాబు బల్ల మీద కాగితం అలాగే ఉంది. దాని మీద బాణం మొదట్లో కొంచెం వణికి, నడుమ నిదానించి, చివర ఒత్తుగా, దిట్టంగా ఎడమవైపుకి తిరిగి ఉంది.