సీటు కింది రంగు

ఎక్కడ తప్పు పోయింది, నేను రంగు కలిపితే తప్పు పోదే, ఇరవై రెండేళ్ళుగా నాది ఒకటే పద్ధతి, ఎండకు వెలిసిన కారు కార్పెట్‌కి అసలు రంగు తెలియాలంటే సీటు విప్పి కిందికి చూడాలి, ఎండ పడని ఆ చోట బండి పుట్టినరోజు రంగు అలాగే ఉంటుంది, ఇవాళా చూశాను, కాస్త గోధుమ ఛాయ కనిపిస్తే అదే అసలనుకున్నాను, పల్చగా మూడు పూతలు కొట్టి పోగులు అట్టకట్టకుండా దువ్వాను, తీరా ఆరాక చూస్తే తలుపుల బట్ట బూడిద రంగు, కార్పెట్ మాత్రం కాచిన బార్లీ టీ రంగు, దుమ్ము పడకుండా నాలుగు తలుపులూ మూసుకుని కూర్చున్నాను, ఊపిరాడటం లేదు, మాస్కులోంచి కూడా వాసన, సీటు కింద వేలితో గీరితే గోట్లోకి మెత్తగా వచ్చింది, బురద, నేను అసలు రంగనుకున్నది బురద, జూలై వానల్లో మునిగిన బండి ఇది.

అద్దం మీద టకటకా కొట్టాడు బావ, మా అక్క మొగుడు దల్సు, ఇంచియాన్‌లో ఈ పాత కార్ల అంగడి ఆయనదే, ఏం మల్సునూ, బండికి రంగేస్తున్నావా పెళ్ళికూతుర్ని చేస్తున్నావా, కొనే మనిషి బయల్దేరిందట, బావా ఇదీ మునిగిన బండే, ష్, మెల్లగా అనవే తల్లీ, బురద మరకల సీటు బెల్టులు మార్చేశాన్లే, ఇంకో పూత నల్లగా కొట్టు, నలుపు అన్నిటినీ మింగుతుంది, నిజమే, రంగు ముదరడమే గానీ వెనక్కి రావడం ఉండదు, నా మొగుడు పోయాక అక్క తన వెనక గది ఇచ్చింది, పదకొండేళ్ళు, ఒక్కపూట నా గిన్నెలో అన్నం తగ్గలేదు, అదే నా గొంతుకు అడ్డం పడేది, తిట్టి పెట్టి ఉంటే ఎప్పుడో వెళ్ళిపోయేదాన్ని, నోరు మూసుకుని నలుపు కలిపాను, కొట్టాను, దువ్వాను, ఛీ, నా బతుకు.

ఆవిడ రానే వచ్చింది, పేరు పన్‌సుక్, పిల్లల్ని తైక్వాండో బడికి దింపే పనట, వంగి కార్పెట్‌ని అరచేత్తో నిమిరింది, అబ్బ, కొత్తదిలా ఉందే, ఎవరు చేశారండీ, మా మరదలే, దాని చేతులు బంగారమనుకోండి అన్నాడు బావ, ఇంత శుభ్రంగా ఉన్న బండికి ఇంక ఇంజనేం చూస్తాంలెండి అంటూ ఆవిడ సంచిలోంచి తెల్లదారం చుట్టిన ఎండుచేప తీసింది, బండి కొంటే చెడు దరికి రాకుండా మేమంతా లోపల పెట్టేదే, నా చేతికిచ్చింది, మీరే పెట్టండమ్మా, మీ చెయ్యి మంచిది, ఇందులో రోజూ ఏడుగురు పసివాళ్ళు ఎక్కుతారు.

చేప తేలికే, చెయ్యి లేవలేదు, కానీ కానీ అని బావ కళ్ళతోనే తొందరపెడుతున్నాడు, సాయంత్రం అక్కకి ఏ ముఖం చూపించను, నా పరుపు, నా నాలుగు బట్టలు ఎక్కడికి మోసుకుపోను, ఈవిడ ఇంజను చూడలేదు, కాగితాలు చూడలేదు, నా కార్పెట్ ఒక్కటే చూసింది, పన్‌సుక్ గారూ, ఇది వరదలో మునిగిన బండి, పిల్లల్ని ఎక్కించకండి, అన్నాను, అన్నది నేనేనా, బావ ముఖంలో నెత్తురుచుక్క లేదు, నాకు ఏడుపొస్తోంది, బండ్లు అమ్మేది ఆయన, నేను ఉత్త రంగులేసేదాన్ని అని ఇన్నేళ్ళూ ఎంత హాయిగా అనుకున్నాను, ఈ అంగట్లో ప్రతి మునిగిన బండినీ అమ్మింది బావ కాదు, నేనే.