తాళం వేసిన గూళ్ళు

పుంగనూరులో పట్టుదారం తీసే యూనిట్ నడిపే మాధవీలత ముక్కుసూటి మనిషి. పట్టు పరిశ్రమను ఆదుకోవడానికి ప్రభుత్వం వేసిన కమిటీలో ఆమెకూ చోటిచ్చారు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో పట్టుగూడు చేత్తో పట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. అధ్యక్షుడు జయచంద్ర నిన్నటిదాకా రవాణా శాఖలో ఉన్నాడు. మిగతావాళ్ళు గనుల నుంచో, పర్యాటకం నుంచో వచ్చినవాళ్ళు.

గూళ్ళ ధర పడిపోవడంతో కమిటీయే రైతుల దగ్గర కొని కుప్పంలో గోడౌన్ నింపింది. అంతవరకు బాగానే ఉంది. కానీ కొన్న గూళ్ళకు వెంటనే ఆవిరి పట్టి లోపలి పురుగును చంపాలి. లేదంటే దానికి రెక్కలొచ్చి గూడు తొలుచుకుని బయటపడుతుంది. తూటు పడ్డ గూటి నుంచి దారం రాదు.

మదనపల్లె మీటింగులో ఆమె ఆ మాటే చెప్పింది. "మా యూనిట్లలో ఆవిరి గదులు ఖాళీగా ఉండాయి సార్. ఈ పొద్దే పంపించండి."

"టెండరు పిలవకుండా ప్రైవేటు వాళ్ళకెలా ఇస్తామమ్మా? అవేమైనా టమాటాలా, కుళ్ళిపోవడానికి?" అన్నాడు జయచంద్ర. అందరూ నవ్వారు.

"టమాటా కుళ్ళితే వాసనన్నా వస్తాది సార్. ఇవి సెప్పకుండా పోతాయి."

"మీ అభిప్రాయం మినిట్స్‌లో రాసుకున్నాం."

తర్వాత ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆయన ఎత్తలేదు. చివరికి గంగవరం రైతు రెడ్డెమ్మ కుప్పం నుంచి ఫోన్ చేసింది.

"అమ్మా మాధవీ, గోడౌన్ కిటికీ మింద రెక్కల పురుగులు పాకతాండాయి. యాల ఇంకా తాళం తీయలేదు? నువ్వూ కమిటీలో ఉండావు కదా!"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. తోటి యూనిట్ల వాళ్ళను వెంటబెట్టుకుని, లారీ తీసుకుని కుప్పం వెళ్ళింది. కాపలాదారు లక్ష్మీపతి అడ్డం నిలబడ్డాడు.

"నాకు ఆర్డరు లేదమ్మా."

"నీ మింద మాట రానీను. పక్కకు జరుగు లక్ష్మీపతన్నా."

గడ్డపార తీసుకుని తాళం తనే పగలగొట్టింది. లోపల పైవరస ట్రేల నిండా ఎగరలేని తెల్లటి పురుగులు కుప్పలుగా రెక్కలు కొట్టుకుంటున్నాయి. రెడ్డెమ్మ తూటు పడ్డ గూడొకటి చేతిలోకి తీసుకుని, "బిడ్డలను సాకినట్టు సాకినామే!" అని భోరుమంది. కింది ట్రేలు ఇంకా బాగున్నాయి. పొద్దు గూకేలోగా వాటిని పుంగనూరు చేర్చి ఆవిరి పట్టించారు. సగం దక్కాయి.

మర్నాడు స్టేషన్‌కు పిలిచారు. జయచంద్ర అక్కడే ఉన్నాడు.

"ప్రభుత్వ గోడౌన్ తాళం పగలగొట్టడం నేరమమ్మా. క్షమాపణ రాసివ్వండి, కేసు లేకుండా చూస్తాను."

"నేను పగలగొట్టింది తాళం సార్. మీరు పాడుచేసింది పంట. ముందు దానికి మీరు రాసియ్యండి."

ఆమె సంతకం పెట్టలేదు. కేసు నమోదైంది. కమిటీ సకాలంలో స్పందించి సగం గూళ్ళను కాపాడిందని ప్రభుత్వానికి నివేదిక వెళ్ళింది. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీని నిలబెట్టే బాధ్యత ఇచ్చి జయచంద్రను ఇంకో జిల్లాకు పంపారు.

వాయిదా రోజున మాధవీలత ఒక్కతే కుప్పం కోర్టుకు బయలుదేరింది. తీరా వెళ్ళేసరికి మెట్ల మీద రెడ్డెమ్మ, ఆ రోజు ట్రేలు మోసినవాళ్ళంతా నిలబడి ఉన్నారు. తమ పేర్లు కూడా కేసులో రాసుకోమని అడగడానికి వచ్చారు.